పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని వినేవాళ్ళు కావాలి

"మా వాడు నాలుగో తరగతికి వచ్చాడండీ, పేపర్లో హెడ్డింగ్ కూడా చదవలేకపోతున్నాడు, ఎక్కడన్నా మంచి ట్యూషన్ ఉంటే చెప్పండి" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నేను సాయంత్రం పూట గుంటూరులో మా పేట శాఖా గ్రంథాలయంలో పిల్లలతో కూర్చుంటానని తెలిసి అడుగుతారు. ట్యూషన్ల గురించి నాకు పెద్దగా తెలియదు గానీ, తిరిగి నేనో మాట అడుగుతాను: మీవాడు పైకి చదువుతుంటే రోజూ వినేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?

దీనికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. హోంవర్క్ చేయించేవాళ్ళుంటారు, నోట్సు పూర్తి చేశాడో లేదో చూసేవాళ్ళుంటారు, స్లిప్ టెస్టులో ఎన్నొచ్చాయని అడిగేవాళ్ళయితే ఇంటినిండా ఉంటారు. ఒక కథల పుస్తకం తీసి వాడు చదువుతుంటే ఫోన్ పక్కనపెట్టి పది నిమిషాలు వినేవాళ్ళు మాత్రం ఉండరు. ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మిర్చి యార్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొడిమలు తీసి వచ్చిన తల్లికి, షాపు కట్టేసి రాత్రి పదింటికి ఇల్లు చేరే తండ్రికి ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? కొంతమంది అమ్మానాన్నలకి వాళ్ళకే చదువు రాదు. అందుకే ఈ వినే పని ఇంటి మీదే వదిలేయకూడదని, బడి కొంత, గ్రంథాలయం కొంత, వీధిలో తీరికగా ఉన్న పెద్దవాళ్ళు కొంత పంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. దీనికి కావలసినవన్నీ మన ఊళ్ళో ఇప్పటికే ఉన్నాయి కూడా.

ముందు చదవడం ఎక్కడ తెగిపోతుందో చెబుతాను. అఆలు వచ్చేశాయి, గుణింతాలు వచ్చేశాయి, ఇంక చదవడానికేం అనుకుంటాం మనం. కానీ తెలుగు 56 అక్షరాలతో అయిపోయేది కాదు. ఒక్కో హల్లుకీ గుణింతం ఉంది, దాని మీద ఒత్తులున్నాయి, ఆ ఒత్తుల్లో చాలావరకు అసలు అక్షరం పోలికలోనే ఉన్నా త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం పూర్తిగా వేరే ఆకారంలో కనబడతాయి. పైగా పకీ వకీ తేడా, మకీ యకీ తేడా, ఘకీ ఝకీ తేడా చిన్న కళ్ళకి అంత తొందరగా అందదు. ఒకటో తరగతిలో మొదలైన ఈ పని చేతికి రావడానికి మూడో తరగతి, ఒక్కోసారి నాలుగో తరగతి దాకా పడుతుంది. ఈలోపే పాఠాలు పెద్దవైపోతాయి, సైన్సూ సోషలూ వచ్చేస్తాయి, చదవడం ఇంకా రాని పిల్లలు వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చోవడం అలవాటు చేసుకుంటారు.

మున్సిపల్ స్కూల్లో మూడో తరగతి చదివే ఒక పాప మా దగ్గరికి వస్తుంది. మొదట్లో "చెట్టు కొమ్మ మీద పిచ్చుక కూర్చుంది" అన్న వాక్యం ముందు పెడితే వేలు పెట్టుకుని, "చకి ఎత్వమిస్తే చె, టకి కొమ్మిస్తే టు, ట ఒత్తిస్తే ట్టు, చెట్టు" అని, మళ్ళీ "కకి ఒత్వమిస్తే కొ" అంటూ మొదలుపెట్టేది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. కాకపోతే 'కూర్చుంది' దాకా వచ్చేసరికి, ఎవరు కూర్చున్నారమ్మా అంటే "చెట్టు ఆంటీ" అంది. అక్షరాలు కూడబలుక్కోవడానికే బుర్ర అంతా ఖర్చయిపోతే అర్థానికి మిగిలేదేముంది? వాక్యం చివరికి చేరేలోపు మొదలు మర్చిపోతారు. ఇలాంటి పాపని పట్టుకుని ఇంకో వంద పదాలు ఇంపోజిషన్ రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప చదవడం రాదు.

మేం చేసింది చాలా మామూలు పని. అదే పేజీని ముందు నేను కింద వేలు జరుపుకుంటూ చదివాను, మామూలుగా మాట్లాడే వేగంలో. తర్వాత ఇద్దరం కలిసి చదివాం, తన గొంతు గట్టిపడిన చోట నేను తగ్గించాను. ఆ తర్వాత తనొక్కతే. ఎక్కడన్నా ఆగిపోతే వెంటనే అందించకుండా కాసేపు ఊరుకోవాలి, అప్పటికీ రాకపోతే పదం మొత్తం చెప్పేసి ముందుకు పోనివ్వాలి, అక్కడే ఆపి గుణింతం అప్పజెప్పించుకోకూడదు. మర్నాడు కొత్త పేజీ జోలికి పోకుండా మళ్ళీ అదే పేజీ. కొన్నాళ్ళకి "చెట్టు కొమ్మ మీద" అన్న మూడు మాటలూ ఒక్క ఊపిరిలో వచ్చాయి, పిచ్చుక కూర్చోగానే "తర్వాత ఏమైంది?" అంటూ నేను చెప్పకుండానే పేజీ తిప్పింది. ఇందులో పెద్ద టెక్నిక్ అంటూ ఏమీ లేదు. ఒకే కథని పదిసార్లు చదివితే విసుగు పుడుతుందని మనం అనుకుంటాం గానీ పిల్లలకి పుట్టదు, తమకి వచ్చిన దాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం వాళ్ళకి ఇష్టం.

మీ పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. 2005 నుంచి పల్లెటూళ్ళలో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు మీద సర్వే చేస్తున్న అసర్ అనే సంస్థ వాళ్ళు వాడే పద్ధతి ఇదే: ఒక కాగితం మీద కొన్ని విడి అక్షరాలు, కొన్ని చిన్న చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. పిల్లలు ఎక్కడిదాకా తడబడకుండా చదువుతారో అదే వాళ్ళ మెట్టు, పుస్తకం ఆ మెట్టుకి తగ్గది ఇవ్వాలి. అయిదో తరగతి పిల్లాడికి రెండో తరగతి పుస్తకం ఇస్తే నామోషీ అని ఊరుకుంటే వాడు ఎప్పటికీ కదలడు. పుస్తకం సరిపోతుందో లేదో తెలియకపోతే ఒక పేజీ చదివించి చూడండి, అయిదు చోట్లకంటే ఎక్కువ ఆగిపోతున్నాడంటే ఆ పుస్తకం ఇంకో ఆరు నెలలు ఆగాక ఇద్దాం.

ఇక బడి సంగతి. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలని, అందులో దినపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలని రాసి ఉంది. ప్రైవేటు బళ్ళకీ ఇది వర్తిస్తుంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకయితే సమగ్ర శిక్ష పథకం కింద లైబ్రరీ పుస్తకాలకని ఏడాదికి 5,000 రూపాయల దాకా గ్రాంటు ఇచ్చే ఏర్పాటుంది. మన రాష్ట్రంలో 2020 నవంబర్‌లో 'చదవడం మాకిష్టం' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు, పేరు నాకెంతో నచ్చింది, అప్పట్లో చాలా బళ్ళలో పుస్తకాలు బీరువాల్లోంచి బయటికొచ్చి తాళ్ళకి వేలాడదీసి పెట్టారు. ఇప్పటికీ శ్రద్ధ ఉన్న టీచర్లు తరగతి గదిలో ఒక మూల తాడు కట్టి పుస్తకాలు వేలాడదీస్తున్నారు. అలాంటి తరగతికి వెళ్ళి చూస్తే ఇంటర్‌వెల్‌లో పిల్లలు ఎక్కడ గుమిగూడతారో తెలుస్తుంది.

కానీ బీరువా తాళం తీయని బళ్ళు కూడా ఉన్నాయి. పుస్తకాలు చిరిగితే, పోతే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలని హెడ్మాస్టర్ల భయం. ఆ భయం నిజమైనదే, తీసిపారేయలేం, కానీ చిరగకుండా ఉన్న పుస్తకం అంటే ఎవరూ చదవని పుస్తకమే కదా. మా బంధువుల అమ్మాయిని చేర్పించడానికి నేను తోడు వెళ్ళిన ఒక ప్రైవేటు బడిలో అడ్మిషన్ రోజు లైబ్రరీ గది అద్దాల బీరువాలతో సహా చూపించారు, టైంటేబుల్ చేతికొచ్చాక చూస్తే లైబ్రరీ పీరియడ్ అన్నదే లేదు. నాకు చాలా బాధనిపించింది. వేలకు వేలు ఫీజులు కడుతున్నాం, వారానికి ఒక్క పీరియడ్ అడగడానికి మొహమాటం దేనికి?

అడగడానికి చోటు కూడా ఉంది. ప్రభుత్వ బళ్ళలో పేరెంట్స్ కమిటీలున్నాయి, 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ఆ తర్వాత కూడా పెట్టారు. అలాంటి చోట మార్కుల షీటు చూసుకుని వచ్చేయకుండా, "సార్, మా పాప ఇంటికి పుస్తకం తెచ్చుకోవచ్చా? చిరిగితే మేం అతికించి ఇస్తాం" అని ఒక్కరు అడిగినా చాలు. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే కాదనే టీచర్ని నేనింతవరకూ చూడలేదు. నో బ్యాగ్ డే పెట్టుకున్న శనివారం ఒక గంట కథల పుస్తకాలకి ఇవ్వమనండి. ఐదో తరగతి పిల్లల్ని రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించమంటే ఇద్దరికీ పని జరుగుతుంది, పెద్దవాడు తనకి సిగ్గనిపించే సులువు పుస్తకాన్ని తమ్ముడి కోసం అన్న వంకతో హాయిగా చదివేస్తాడు.

2020 నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వేస్తున్నారు చూశారా, దాన్ని చాలామంది తల్లిదండ్రులు సరిగా వాడుకోవడం లేదు. తెలుగు పేజీ చదివి విషయం తెలుసుకున్నాక ఇంగ్లిష్ పేజీకి వెళ్తే సగం బరువు దిగిపోతుంది. "మావాడు ఇంగ్లిష్ మీడియం కదండీ, తెలుగు కథలెందుకు" అనేవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే. ఇంట్లో మాట్లాడే భాషలో చదివి అర్థం చేసుకోవడం, ముందేమవుతుందో ఊహించడం అలవాటైన పిల్లలు దాన్ని ఇంగ్లిష్‌లోకి కూడా పట్టుకెళ్తారు. ఇంగ్లిష్ పేరా గడగడా చదివేసి అందులో ఏముందో చెప్పలేని పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు గ్రంథాలయం. మీరు కట్టే ఇంటి పన్నులో లైబ్రరీ సెస్ అని ఒకటి ఉంటుంది, 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు. అంటే 3,000 రూపాయల ఆస్తి పన్నుకి 240 రూపాయలు గ్రంథాలయానికి కట్టేస్తున్నాం. కట్టిన డబ్బుకి సినిమా టికెట్ అయితే వదులుకుంటామా? విజయవాడ బందరు రోడ్డులో ఠాగూర్ గ్రంథాలయం, ఇక్కడ గుంటూరు అరండల్‌పేటలో జిల్లా కేంద్ర గ్రంథాలయం అందరికీ తెలిసినవే. అవి కాక పేటల్లో, మండలాల్లో శాఖా గ్రంథాలయాలున్నాయి, మీ ఇంటికి దగ్గర్లో ఏది ఉందో ఒకసారి విచారించండి. ఆధార్ జిరాక్స్, కొద్దిపాటి డిపాజిట్ ఇస్తే పుస్తకాలు ఇంటికి కూడా ఇస్తారు. శాఖా గ్రంథాలయాలు ఎక్కువగా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తీస్తారు, మామూలుగా శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక శుక్రవారం వెళ్ళి తాళం చూసి "ఎప్పుడూ మూసే ఉంటుంది" అని తిరిగొచ్చేసేవాళ్ళు చాలామంది.

మన ప్రాంతానికి ఇదేం కొత్త సంగతి కాదు. అయ్యంకి వెంకట రమణయ్య గారు పట్టుబట్టి పనిచేస్తే 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది మన పెదవడ్లపూడి పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలవల మీద తిరిగే పడవలో పుస్తకాలు పెట్టారు. అప్పట్లో ఊళ్ళ మధ్య ప్రయాణమంతా కాలవల మీదే కాబట్టి ఆ పడవల్లో గంటల తరబడి కూర్చునే జనం చదువుకునేవాళ్ళు. మనుషులు ఖాళీగా కూర్చునే చోటికే పుస్తకాన్ని తీసుకెళ్ళాలన్న ఆలోచన చూడండి. ఇప్పుడు పిల్లలు ఖాళీగా కూర్చునే చోట్లు ఏవి? ఆటో కోసం ఎదురుచూసే అరుగు, అమ్మ పనిచేసే టైలరింగ్ షాపు, అపార్ట్‌మెంట్ సెల్లార్, గుళ్ళో ప్రసాదం పెట్టేలోపు మండపం. వీటిలో దేంట్లోనైనా ఒక అట్టపెట్టెలో ఇరవై పుస్తకాలు పెట్టొచ్చు. బృందావన్ గార్డెన్స్‌లో వేంకటేశ్వర స్వామి గుడి ఆవరణలో అన్నమయ్య గ్రంథాలయం ఉండనే ఉంది, గుడిలో పుస్తకాలా అని ఎవరూ అనలేదే, పైగా ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చి చదువుకుని వెళ్తున్నారు.

శాఖా గ్రంథాలయంలోకి ఎప్పుడు వెళ్ళినా రెండు రకాల మనుషులు కనబడతారు. పేపర్ల బల్ల దగ్గర రిటైరయిన పెద్దవాళ్ళు, లోపలి బల్లల దగ్గర డీఎస్సీకో గ్రూప్-2కో చదువుకునే కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళ టెన్షన్ వాళ్ళది, వాళ్ళని కదిలించకూడదు. నా దృష్టంతా పేపర్ల బల్ల మీద ఉంది. నాలుగు పేపర్లూ అయిపోయాక ఆ తాతగార్లకి సాయంత్రం ఇంకా చాలా మిగిలి ఉంటుంది. మా దగ్గర ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిని "మాస్టారూ, ఈ పిల్లాడు ఒక పేజీ చదువుతాడు, కాస్త వింటారా" అని అడిగితే ఆయన కళ్ళజోడు సవరించుకుని పక్క కుర్చీ జరిపారు. వాడు 'ధనం' ని 'దనం' అంటే మొదటిరోజు మూడుసార్లు ఆపారు. నేను మెల్లగా చెప్పాను, "ముందు కథ పూర్తి కానివ్వండి మాస్టారూ, ఒత్తులు తర్వాత చూద్దాం" అని. ఆయనకి అది సులువు కాలేదు, జీవితమంతా తప్పులు దిద్దిన మనిషి. అయినా ఇప్పుడు వాడు చదివినంతసేపూ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వింటారు, అయ్యాక ఆ నక్క అలా ఎందుకు చేసిందిరా అని అడుగుతారు, వాడూ ఆయనా దాని మీద వాదించుకుంటారు. చదివినదాని మీద మాట్లాడే మనిషి దొరకడం ఆ పిల్లాడికి ఎంత అవసరమో అంతా నాకు ఆ వాదనలో కనబడుతుంది.

లైబ్రేరియన్లు చాలామంది మనం అడిగితే సాయం చేసేవాళ్ళే, కాకపోతే ఒక్కరే మనిషి తాళం తీయాలి, ఊడవడం చూసుకోవాలి, రిజిస్టర్ రాయాలి. పిల్లల పుస్తకాలు కింది అరలో, అంటే వాళ్ళ చేతికి అందే అరలో పెట్టడానికి మేం ఒక ఆదివారం వెళ్ళి సాయం చేశాం. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలుంటాయి, వేసవిలో విజ్ఞాన శిబిరాలు పెడతారు. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్ళడానికి అవి మంచి అదను. అయితే బహుమతుల రోజు ఒక్కటే వెళ్ళి ఫోటో దిగి వచ్చేస్తే దండగ, ఆ వారంలోనే మెంబర్‌షిప్ కార్డు తీసుకోవాలి.

పుస్తకాలు కొనాలనుకునేవాళ్ళకి మన గుంటూరు, విజయవాడలంత వసతి రాష్ట్రంలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం. 1989 నుంచి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతోంది. గుంటూరు నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం, సంక్రాంతి సెలవల ముందే పిల్లలకి చెప్పి డబ్బులు దాచుకోమనండి, వాళ్ళ పుస్తకం వాళ్ళనే ఎంచుకోనివ్వండి. మీకు నచ్చని బొమ్మల పుస్తకం పట్టుకున్నా సరే, అడ్డు చెప్పొద్దు. ఏలూరు రోడ్డు షాపులు, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలవాళ్ళు ఏడాది పొడుగునా ఉంటారు. నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ పిల్లల పుస్తకాలు ఒక పఫ్, కూల్‌డ్రింక్ ఖర్చులో వచ్చేవి చాలా ఉన్నాయి. అదీ కుదరకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు మెట్లుగా విడదీసి పెట్టారు కాబట్టి పిల్లల స్థాయికి తగ్గది వెతుక్కోవడం సులువు, ప్రింటు తీసుకుని కుట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఫోన్లో రీడ్ అలాంగ్ అని గూగుల్ యాప్ ఉంది, పిల్లలు తెలుగు చదువుతుంటే విని తప్పు దగ్గర చెబుతుంది. మనిషి దొరకని రోజున దాన్ని వాడండి, తాతయ్యో అమ్మమ్మో పక్కన ఉన్న రోజున ఫోన్ తీయకండి.

ఇంకో మాట. పుస్తకం మొహానికి మరీ దగ్గరగా పెట్టుకునే పిల్లలకి, బోర్డు మీదవి పక్కవాడి నోట్సులో చూసి రాసుకునే పిల్లలకి ముందు కళ్ళు చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో చూస్తారు, పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి ఉంది. కళ్ళు బాగానే ఉండి, ఎంత కూర్చోబెట్టినా నెలల తరబడి అక్షరాల దగ్గరే ఆగిపోతుంటే బద్ధకమని కొట్టకండి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం ఎక్కడుందో బళ్ళో అడిగి అక్కడి టీచర్‌తో మాట్లాడండి.

ఈ వేసవికి మేం అనుకుంటున్నది చెబుతాను. మా గ్రంథాలయంలో సాయంత్రం గంటసేపు ఒక బల్ల పూర్తిగా పిల్లలకి ఇస్తామని లైబ్రేరియన్ మేడమ్ ఒప్పుకున్నారు. ఒక్కో పెద్దమనిషికి ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉండకూడదని నియమం పెట్టుకున్నాం, ముగ్గురైతే వినడం పోయి క్లాసు అయిపోతుంది. వచ్చేవాళ్ళకి తెలుగు చదవడం వస్తే చాలు, డిగ్రీలు అక్కర్లేదు, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అక్కయ్యలు, అన్నయ్యలు కూడా రావచ్చు. మీ పేటలో ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే ముందు మీ లైబ్రేరియన్ గారిని కలవండి, శుక్రవారం తప్ప.